తూనికలో తప్పు

నర్సీపట్నమునకు చేరువనున్న రోలుగుంటనుండి శ్రోత యొకరు మాకు ఉత్తరము వ్రాసిరి. పాఠశాలలో చదువుచున్న వారి కుమార్తె మన్యమునుగూర్చి ఆంగ్లములో వ్యాసము వ్రాయుచు, కొండప్రజల శక్తి 'కెనాట్ బి అండర్‌ఎస్టిమేటెడ్' అన్నదట. ఉపాధ్యాయిని ఆ మాటల క్రింద ఎఱ్ఱగీటు గీచి, 'ఇది పొగడ్తయా, తెగడ్తయా?' అని ప్రశ్న వేసినదట. పొగడ్తయే అని కుమార్తె, కాదని తండ్రి. తీర్పు చెప్పుమని మమ్ము కోరిరి. చిన్న మాటయే గాని, దానిలో పెద్ద విషయమున్నది. అందుచే నేటి ప్రసంగమునకు దానినే గ్రహించితిమి.

ముందుగా మాటను విడదీసి చూతము. 'ఎస్టిమేట్' అనగా విలువ కట్టుట, లెక్క వేయుట. లాటిను భాషలో విలువ కట్టుట అను అర్థముగల ధాతువునుండి పుట్టినది. గౌరవమను అర్థముగల 'ఎస్టీమ్' దీనికి తోబుట్టువు. 'అండర్' అనగా క్రింద. కనుక, ఉన్నదానికంటె తక్కువగా లెక్కకట్టుటయే 'అండర్‌ఎస్టిమేట్'. క్రియగా వాడునప్పుడు చివర 'మేట్' అని సాగదీసి పలుకవలెను. నామవాచకముగా వాడునప్పుడు 'మిట్' అని తేల్చి పలుకవలెను.

దీనిని తెలుగులో 'చులకన చేయుట' అని చెప్పుట కలదు. అది సరిపోదని మా అభిప్రాయము. చులకన మనసులోని దోషము. ఇది లెక్కలోని దోషము. గోడకు పట్టు ఇటుకలను తక్కువగా లెక్కించిన మేస్త్రి ఆ గోడను చులకన చేసినవాడు కాడు. మోకాలి లోతే అనుకొని ఏటిలోనికి బండి దింపిన రైతు ఏటిని అవమానించినవాడు కాడు. లెక్క తప్పినాడు, అంతే. తప్పు తూచినవానిదే గాని తూగిన వస్తువుది కాదు. నష్టమును కూడ ముందుగా తూచినవాడే అనుభవించును.

ఈ మాటకు దగ్గరి చుట్టములు రెండున్నవి. తగిన వెల కట్టకపోవుట 'అండర్‌వేల్యూ'. తగిన స్థానము ఈయకపోవుట 'అండర్‌రేట్'. బాగుగా పాడియు పదిమందికి తెలియని గాయకుడు 'అండర్‌రేటెడ్'. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదనువారు చేయునది 'అండర్‌వేల్యూ'. ఇక 'పిట్ట కొంచెము, కూత ఘనము' అను సామెత 'అండర్‌ఎస్టిమేట్' చేయబోవువారికి పెద్దలు చేసిన హెచ్చరిక.

ఇచట ఒక విశేషము. మన 'విలువ' అను మాటకు, కొనుట అను అర్థముగల 'విలుచు' అను పాత క్రియతో చుట్టరికము. అది అంగడిలో పుట్టిన మాట. ఆంగ్లపు 'వేల్యూ' యన్ననో, బలము కలిగియుండుట అను అర్థముగల లాటిను ధాతువునుండి వచ్చినది. వెలకును బలమునకును గల ఈ సంబంధము నిఘంటువులోనే గాదు, నర్సీపట్నము మీదుగా కొండలెక్కు బాటలో కూడ కానవచ్చును.

1882 నాటి మద్రాసు అటవీ చట్టము వచ్చిన పిదప, కొండవారి పోడు సేద్యమునకును, అడవి ఫలసాయమునకును కట్టుబాట్లు బిగిసినవి. ఆపై నర్సీపట్నమునుండి లంబసింగి మీదుగా చింతపల్లికి పోవు రోడ్డు పని వచ్చినది. గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పనివారికి న్యాయమైన కూలి ఈయక పీడించెనన్నది నాటి కొండవారి ముఖ్యమైన మొర. చెమటకు తక్కువ వెల కట్టుట ఇది, అనగా 'అండర్‌వేల్యూ'.

ఆ ప్రజల నడుమ అల్లూరి సీతారామరాజు ఉండెను. 1922 తొలి నెలలలో ప్రభుత్వము ఆయనను అనుమానించి కొంతకాలము కనిపెట్టి చూచెను. పైడిపుట్టలో కొంత భూమి యిచ్చి కుదురుకొనుమనెను. ఒక భూమిచెక్కతో ఆ మనిషి శాంతించునని వారి లెక్క. ఇది 'అండర్‌ఎస్టిమేట్'. ఆ యేడే ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, మూడు దినములలో మూడు పోలీసు ఠాణాలపై దాడి జరిగి, తుపాకులును తూటాలును కొండకెక్కినవి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇరువురు పోలీసు అధికారులు మరణించిరి. పిమ్మట మలబారు ప్రత్యేక పోలీసులు, అస్సాం రైఫిల్సు దిగవలసివచ్చెను. 1924 మే 7న రాజును కాల్చి చంపునంతవరకు, రెండేండ్లకు కొంచెము తక్కువగా, ఆ లెక్కతప్పును దిద్దుకొనుటకే ప్రభుత్వమునకు సరిపోయెను. ఆయన సమాధి నేటికిని కృష్ణదేవిపేటలో నున్నది. ఆయన అనుచరులలో ఒకడై చెరసాల అనుభవించిన గాము మల్లుదొర, 1952లో విశాఖపట్నమునుండి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యెను. మనిషి విలువ కట్టుట ఎంత కష్టమో దీనివలన తెలియగలదు.

ఈ రెండు తప్పులును వేరువేరు గావని మా మనవి. రోడ్డు మీద రాళ్లు మోయు చేతులకు తక్కువ వెల కట్టినవాడు, ఆ చేతులలోని బలమును కూడ తక్కువగానే లెక్కించును. మొదటిది అన్యాయము, రెండవది దానివెంట వచ్చు అజ్ఞానము. ఇది దొరతనములకే గాదు, ఇండ్లకును వర్తించును. తెల్లవాఱకమునుపే లేచి పొయ్యి రాజేయు ఇల్లాలి పనికి ఏ ఇంటి పద్దులోను వెల కానరాదు. ఆమె నాలుగు దినములు మంచము పట్టిననాడు గాని ఆ ఇంటివారికి తమ లెక్క తప్పని తోచదు.

ఇక తీర్పు. 'కెనాట్' అనగా శక్యము కాదని. తక్కువగా లెక్కించుట శక్యము కాదనిన, ఎంత తక్కువ చెప్పినను తక్కువ కాదని కదా అర్థము! అనగా కొండప్రజలకు శక్తియే లేదని తేలును. మాటను పట్టి చూచిన తండ్రిగారిదే గెలుపు. పైగా ఆ వాక్యము చరిత్రకు కూడ విరుద్ధము. తక్కువగా లెక్కించుట శక్యమే. 1922లో లెక్కించిరి కదా! ఉద్దేశమును పట్టి చూచిన కుమార్తెది గెలుపు. ఆంగ్లమే మాతృభాషయైనవారు సైతము పొగడదలచి ఇదే వాక్యము వ్రాయుచుందురు. చదువువారును పొగడ్తగానే గ్రహింతురు. అయినను జారుడు మెట్టును తెలిసి త్రొక్కనేల? 'కెనాట్' తీసి 'షుడ్ నాట్' అని వ్రాసిన చాలును. తక్కువగా లెక్కింపరాదు అను సరియైన అర్థము వచ్చును. 'కెనాట్' ఉంచదలచినచో 'ఓవర్‌ఎస్టిమేటెడ్' అనవలెను. అప్పుడు ఎంత ఎక్కువ చెప్పినను ఎక్కువ కాదని భావము.

తండ్రిగారికి కడపట ఒక్క మనవి. తమ కుమార్తె తన ఊరి చెంతనున్న కొండలను, అచటి మనుషులను తలచుకొని, తనది కాని భాషలో ఒక వాక్యము కూర్చినది. ఆ వాక్యమును దిద్దుడు. ఆమె తెలివిని మాత్రము 'అండర్‌ఎస్టిమేట్' చేయకుడు.