తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చూసి రిటైరైనవాణ్ణి. అయినా గుండె వైద్యం గురించి నాలుగు మాటలు చెప్పడానికి సాహసిస్తున్నాను. కరోనా రోజుల్లో మా బావగారికి ఎదురైన అనుభవం మన వయసువారందరికీ పనికివస్తుందని నా నమ్మకం.

గుండె రక్తనాళాలు రెండు మూడు చోట్ల మూసుకుపోతే స్టెంటు వెయ్యాలా, బైపాస్ చెయ్యాలా అన్నది ఒక్క డాక్టరు తేల్చవలసిన విషయం కాదు. కార్డియాలజిస్టు, సర్జను, మత్తు డాక్టరు కలిసి కూర్చుని చూడాలి. దీనినే 'హార్ట్ టీమ్' అంటారు. ఐరోపా వైద్య సంఘాలు 2010లోనే దీనిని తమ మార్గదర్శకాలలో చేర్చాయి. ఎవరి విద్య మీద వారికి మక్కువ సహజం కనుక, ఒకరి మాటను మరొకరు సరిచూస్తారన్నమాట. షుగరు ఉండి, ఎక్కువ నాళాలు దెబ్బతిన్నవారిలో చాలామందికి బైపాసే మేలని 2012లో వెలువడిన 'ఫ్రీడమ్' అనే పెద్ద అధ్యయనం తేల్చింది.

2020లో కరోనా వచ్చి ఈ లెక్కలు మార్చేసింది. బైపాస్ అంటే వెంటిలేటరు, ఐ.సి.యు. మంచం, రక్తం, ఎక్కువ రోజుల ఆస్పత్రి వాసం. మంచాలేమో కరోనా రోగులతో నిండిపోయాయి. ఆపరేషన్ అయిన మనిషికి కరోనా సోకితే ప్రాణాపాయం. అందుచేత అనేక దేశాలలో వీలున్నచోట స్టెంటుతో సరిపెట్టారు, ఆగగలిగినవారిని ఆపారు. ఒక గదిలో కూర్చునే డాక్టర్లు ఫోన్లలో మాట్లాడుకున్నారు.

మా బావగారికి షుగరు ఉంది. 2020 జూలైలో మెట్లెక్కితే ఛాతీలో నొప్పి వచ్చింది. మూడు నాళాలూ మూసుకున్నాయన్నారు. సర్జను క్వారంటైన్‌లో ఉండి ఫోనులోనే అభిప్రాయం చెప్పారు. కార్డియాలజిస్టు మా అక్కయ్యతో, "మామూలు రోజులైతే బైపాసే చెప్పేవాళ్ళమమ్మా. ఇప్పటికి రెండు స్టెంట్లు వేస్తాం. పరిస్థితి చక్కబడ్డాక రండి, మళ్ళీ ఆలోచిద్దాం" అన్నారు. అక్కయ్య ఆ మాటను తేదీతో సహా పాలలెక్క పుస్తకంలో రాసుకుంది. డిశ్చార్జి కాగితంలో మాత్రం ఆ ముక్క లేదు.

నొప్పి తగ్గింది. బావగారు నయమైపోయిందనుకున్నారు. అక్కయ్య ఎన్నిసార్లు పోరినా ఆస్పత్రి గడప తొక్కలేదు. 2022 ఆగస్టులో నొప్పి తిరగబెట్టింది. అప్పటికి పాత డాక్టరు లేరు. కొత్తాయన కాగితాలు చూసి, "టీమంతా చూసే స్టెంట్లు చాలన్నారు కదా, మందులు పెంచుదాం" అన్నారు. అక్కయ్య పాలలెక్క పుస్తకం తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదివి, మళ్ళీ యాంజియోగ్రాం తీయించి, సర్జన్నూ మత్తు డాక్టరునూ పిలిపించారు. బైపాస్ జరిగింది. బావగారు ఇప్పుడు మీ మధ్యనే, మూడో వరుసలో కూర్చున్నారు.

2020లో డాక్టర్లు చేసినది తప్పని నేను అనను. ఆ రోజున అదే సబబు. అయితే మన ఆఫీసుల్లో తాత్కాలిక ఏర్పాటు చేస్తే 'తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు' అని రాసేవాళ్ళం. ఆ మాట లేకపోతే తాత్కాలికమే శాశ్వతమవుతుంది. ఎన్ని ఇన్‌ఛార్జి పోస్టులు చూడలేదు మనం! ఆపత్కాలపు వైద్య నిర్ణయమూ అంతే.

కనుక మీకు గాని, మీవారికి గాని అటువంటి సమయం వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఎవరెవరు కలిసి నిర్ణయించారు? మామూలు రోజులైతే ఏమి చేసేవారు? మళ్ళీ ఎప్పుడు చూస్తారు? జవాబులు కాగితం మీద రాయించుకోండి. కరోనా కాలంలో స్టెంటు వేయించుకున్నవారు, ఆపరేషన్ వాయిదా పడినవారు కంగారు పడనక్కరలేదు. మందులు సొంతంగా మానవద్దు. పాత ఫైలు తీసి ఒకసారి డాక్టరుకు చూపించండి, చాలు.

పాలలెక్క పుస్తకం పారెయ్యని మా అక్కయ్యకు కృతజ్ఞతలు.