వార్డు వదిలి క్లాసుకి వచ్చాక: పిల్లల నర్సింగ్ పాఠాలు

18 ఏళ్లు పిల్లల వార్డులో చేసి, ఇప్పుడు యూనివర్సిటీ నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. "ఏసీ రూములో హాయిగా ఉన్నావు" అంటారు పాత ఫ్రెండ్స్. ఏసీ సంగతి దేవుడెరుగు, ఫ్యాన్ తిరిగితే చాలు మాకు.

బ్రిటన్‌లో పిల్లల నర్సింగ్ మొదటి ఏడాది నుంచే విడి డిగ్రీ. మన దగ్గర బీఎస్సీలో అదొక సబ్జెక్టు, స్పెషలైజేషన్ ఎమ్మెస్సీలోనే. అంటే నా స్టూడెంట్లకి పిల్లల వార్డు పోస్టింగ్ కొన్ని వారాలే. మరి ఆ కొన్ని వారాల్లో ఏం నేర్పాలి?

వార్డులో నా చేతులు వాటంతటవే చేసేసేవి. ఇప్పుడు అదంతా మాటల్లో చెప్పాలి, అదే కష్టం. ఉదాహరణకి, దగ్గుతో వచ్చిన 8 నెలల పాప. స్టూడెంట్ వెళ్లగానే థర్మామీటర్ పెడుతుంది, పాప ఏడుపు అందుకుంటుంది. ఇక ఊపిరి ఏం లెక్కపెడతాం? అందుకే ముట్టుకోకముందే, అమ్మ ఒళ్లో ఉండగానే, చొక్కా కాస్త ఎత్తమని అమ్మకే చెప్పి, నిమిషం నిండా లెక్కపెట్టాలి. అర నిమిషం చూసి రెండింతలు చేస్తే కుదరదు, పసిపిల్లల ఊపిరి ఒకే తీరుగా ఉండదు. 2 నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి 5 ఏళ్ల లోపు 40. అంతకి చేరినా వేగంగా పీలుస్తున్నట్టే. "డొక్కలు ఎగరేస్తోందమ్మా" అని తల్లి అంటే ఇక ఆలోచించొద్దు, డాక్టర్‌ని పిలవడమే. దానికి మా పుస్తకంలో పెద్ద ఇంగ్లిష్ పేరుంది. కనిపెట్టింది మాత్రం తల్లి.

ఇక మందుల లెక్క. దీనికి ఎంత టైమైనా ఇస్తాను. పిల్లలకి డోసు బరువుని బట్టి. పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాములు రాశారనుకోండి, 8 కిలోల పాపకి 120. సిరప్‌లో 5 ఎంఎల్‌కి 120 ఉంటే, 5 ఎంఎల్ పోస్తాం. అదే మందు డ్రాప్స్‌లో 1 ఎంఎల్‌కే 100 ఉంటే? 1.2 ఎంఎల్ చాలు. సీసా చూడకుండా డ్రాప్స్ 5 ఎంఎల్ పోస్తే 500 లోపలికి వెళ్తుంది, నాలుగు రెట్లు పైనే. రోజుకి నాలుగుసార్లు అలా పోస్తే లివర్ దెబ్బతినొచ్చు. ఇంట్లో చిన్నపిల్లలున్న వాళ్లు కూడా ఇది వినండి. డోసు డాక్టర్ చెప్పిందే, కానీ సీసా మీద చదవాల్సింది మీరే.

గ్రోత్ చార్టులూ అవీ పరీక్షకి ఎలాగూ బట్టీ కొడతారు, వాటి గురించి నాకు బెంగ లేదు.

మొన్న ఫైనలియర్ అమ్మాయి వార్డు నుంచి ఫోన్ చేసింది. "మేడమ్, ఆరు నెలల బాబు, నిద్రలోనే ఊపిరి 56 ఉంది. రెండుసార్లు లెక్కపెట్టాను. లేపి టెంపరేచర్ చూడమంటారా?"

"లేపకు. ముందు డ్యూటీ సిస్టర్‌ని అక్కడికే పిలువు" అన్నాను.

"పిలిచాకే మీకు చేశాను మేడమ్" అంది.