పికప్ క్రౌన్ పినియన్ మళ్లీ మళ్లీ ఎందుకు పోతుంది?

పాత పికప్‌లో వెనక ఆక్సిల్ క్రౌన్ పినియన్ ఒకసారి పోవడం వింతేమీ కాదు. లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇనుము అరుగుతుంది. కొత్త సెట్టు వేయించిన ఏడాదిలోపే మళ్లీ ఆక్సిల్ కూత మొదలైతే మాత్రం సంగతి వేరు. పళ్లు మారాయి గానీ, వాటిని కొరుక్కుతిన్న కారణం బండిలోనే ఉండిపోయింది. ఖమ్మం జిల్లా ఏన్కూరు ప్రాంతంలో ఇలాంటి కారణాలకు కొదవ లేదు. తల్లాడ–కొత్తగూడెం రోడ్డు దిగితే చేల బాటలు, వాగులు, అడవి అంచు దారులే. బొలెరో పికప్, టాటా 207 లాంటి బండ్లు పత్తి, మిర్చి వేసుకుని ఆ బురదలోంచే తారు రోడ్డెక్కాలి.

(తెరపై: విప్పిన వెనక ఆక్సిల్)

ఇంజన్ నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ తెచ్చిన తిప్పుడు బలం ముందు చిన్న పినియన్‌కు అందుతుంది. పినియన్ పెద్ద క్రౌన్ చక్రాన్ని తిప్పుతుంది. పినియన్‌కు 9 పళ్లు, క్రౌన్‌కు 41 పళ్లు ఉంటే వేగం నాలుగున్నర రెట్లు తగ్గి, బలం అన్ని రెట్లు పెరుగుతుంది. 180 న్యూటన్ మీటర్ల ఇంజన్, నాలుగు రెట్ల మొదటి గేరు అనుకుంటే క్రౌన్ మీద పడేది 3,200 న్యూటన్ మీటర్ల పైమాటే. ఆ బలమంతా మోసేది ఒకేసారి కలిసే రెండు మూడు పళ్లే. క్రౌన్‌కు బిగించిన కేజ్ లోపల స్టార్ గేర్లు ఉంటాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగడానికి వీలు కల్పించేవి ఇవే. ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెక్కర్ 1827లో ఆవిరి బండి కోసం రూపొందించిన ఏర్పాటు ఈనాటికీ మూలంలో మారలేదు.

రిపేరులో మొదటి పని కొత్త సెట్టు కొనడం కాదు, పాత ముక్కల్ని చదవడం. పాత సామాను తుక్కులో పడేశాక కారణం ఇక దొరకదు. పంటి మొదట్లో గరుకుగా, ఒక్కసారిగా విరిగిన గుర్తు ఉంటే అది అదాటు దెబ్బ: బురదలో ఇరుక్కున్న బండికి రేస్ పెంచి క్లచ్ టక్కున వదిలినప్పుడు పడేది. విరిగిన చోట నున్నటి అలల గీతలుంటే పగులు చాలా రోజులుగా పెరిగిందని. అది అధిక లోడు పని. పళ్లు నీలంగా మాడితే ఆయిల్ లేదు, లేదా సరైన ఆయిల్ కాదు. బేరింగ్ రోలర్ల మీద తుప్పు చుక్కలుంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. స్టార్ గేర్ల పిన్ను మాత్రమే గీసుకుపోయి ఉంటే, ఒక చక్రం గాల్లోనో బురదలోనో గిర్రున తిరుగుతుండగా చాలాసేపు యాక్సిలరేటర్ తొక్కి ఉంటారు.

ఏన్కూరు వైపు అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేది నీళ్ల సంగతి. లోడుతో నడిచిన బండి ఆక్సిల్ హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. అదే వేడితో వాగులో దిగగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి నుంచి పీల్చుకుంటుంది. హౌసింగ్ పైన గాలి ఆడే బ్రీదర్ నీళ్లలో మునిగితే నీళ్లనే లాగుతుంది. బురదతో మూసుకుపోతే ఆయిల్ సీళ్ల సందుల్లోంచి లాగుతుంది. పైకి ఏమీ తెలియదు. డ్రెయిన్ నట్టు విప్పితే ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో వస్తుంది. విరుగుడు ఖరీదైందేమీ కాదు: బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి, కొసను బాడీ ఎత్తుకు కట్టేయడం. వేలకు వేలు పోసి క్రౌన్ వేయించి, ఈ గొట్టాన్ని మరిచిపోయే బండ్లే ఎక్కువ.

ఇక ఆయిల్. ఈ పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాదు, గట్టిగా జారుతూ రాసుకుంటాయి కూడా. ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర చిట్లిపోతుంది; గంధకం, భాస్వరం కలిపిన జీఎల్-5 రకం కావాలి. మాన్యువల్ వేరే చెప్పకపోతే 80డబ్ల్యూ-90 సరిపోతుంది. గేర్‌బాక్సుకు జీఎల్-4 అని రాసి ఉంటే అందులో జీఎల్-5 పోయకూడదు. లెవెల్ చూసేటప్పుడు బండి సమతలం మీద ఉండాలి, ఆయిల్ నింపే రంధ్రం కింది అంచును తాకాలి. హబ్ సీలు కారితే ఆయిల్ బ్రేక్ డ్రమ్ములోకి పోతుంది. కింద చుక్క కూడా పడదు కాబట్టి లెవెల్ తగ్గిన సంగతి ఎవరికీ తెలియదు.

లోడు లెక్క సూటిగానే ఉంటుంది. మిర్చి బస్తా 40 కిలోలనుకుంటే 45 బస్తాలకు 1,800 కిలోలు. పాత పికప్‌లలో చాలావాటికి ఆర్‌సీలో రాసిన మోత అంతకు బాగా తక్కువ. ఖమ్మం యార్డుకు ఒక ట్రిప్పు మిగుల్చుకోవాలని అదనంగా కమాను పట్టీలు వేయిస్తారు. పట్టీలు బాడీని ఎత్తుతాయే తప్ప ఆక్సిల్‌కు బలం ఇవ్వవు. పైగా ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి దాని కీళ్లైన క్రాస్‌ల అదురంతా పినియన్ బేరింగ్ మీద పడుతుంది.

లోడుతో పాటు టైర్లూ చూడాలి: వెనక టైర్లు రెండూ ఒకే సైజు, ఒకే అరుగుదలతో ఉండాలి. ఒకటి 700, మరొకటి 690 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటే తిన్నని రోడ్డు మీద కూడా కిలోమీటరుకు ఆరేడు చుట్లు తేడా వస్తుంది. మలుపుల కోసం పెట్టిన స్టార్ గేర్లు ఆ తేడాతో రోజంతా తిరుగుతూనే ఉంటాయి.

(తెరపై: రంగు పూసిన క్రౌన్ పళ్లు)

బిగింపు తేడా వస్తే ఇంతవరకు తీసుకున్న జాగ్రత్తంతా వృథా. క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలో జంటగా రుద్ది పంపినవి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలపకూడదు. పళ్ల మధ్య సందు చాలా ఆక్సిళ్లకు 0.13 నుంచి 0.20 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, సరైన అంకె ఆ బండి మాన్యువల్‌లోదే. అది చేత్తో ఊపి తెలుసుకునే సందు కాదు, డయల్ గేజ్ పెట్టాల్సిందే. పళ్లకు మార్కింగ్ రంగు పూసి తిప్పితే అచ్చు పంటి నడిమిలో పడాలి. మొదట్లోకి దిగినా, కొసకు జరిగినా పినియన్ షిమ్ములు మార్చి మళ్లీ చూడాలి. నలిగి కుదిరే స్పేసర్ ఉన్న ఆక్సిల్‌లో అది ప్రతిసారీ కొత్తదే వేయాలి. మళ్లీ మళ్లీ పోవడానికి మరో మూలం ఆక్సిల్ గొట్టాల్లో మిగిలిపోయిన ఇనుప పొడి. గొట్టాలు రెండు కొసలూ కడిగి, గుడ్డతో తుడిచి బయటికి తీయకపోతే ఆ పొడే కొత్త బేరింగులను తింటుంది.

కొత్త సెట్టుకు మొదటి 500 కిలోమీటర్లు తక్కువ లోడు, మొదటి ప్రయాణంలో ఇరవై కిలోమీటర్లకు ఒకసారి ఆపి హౌసింగ్ చల్లారనివ్వడం మంచిది. తర్వాత ఆయిల్ దింపి మాగ్నెట్ ఉన్న డ్రెయిన్ నట్టును చూడాలి. దానికి బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదలే. తుడిచి కొత్త ఆయిల్ పోయవచ్చు. సూదుల్లాంటి ముక్కలు, రేకులు కనిపిస్తే కొత్త ఆయిల్ పోయకుండా ఆక్సిల్ మళ్లీ విప్పాలి.