చింతకుంట గుండు చూసి వచ్చాము
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ దయాభిక్ష కాదు, మన హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను తలుచుకుంటూ ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాము. కరువు భత్యం గురించీ, వైద్య ఖర్చుల గురించీ పెద్దలు ఇంతకుముందే మాట్లాడినారు. నన్ను మాత్రం పోయిన జనవరిలో మనవాళ్ళము వెళ్ళివచ్చిన చింతకుంట ప్రయాణం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. చెబుతాను. అందులో నా తప్పులు రెండున్నాయి. అవీ దాచను.

సంక్రాంతికి వారం ముందు, ఎర్రగుంట్లలో తెల్లవారుతుండగానే పదకొండు మందిమి వ్యాను ఎక్కినాము. అందరి తలలకూ మఫ్లర్లే. ఎనిమిదో తరగతి చదివే నా మనవడు కూడా వెంటపడినాడు. ఇంట్లోవాళ్ళు జొన్నరొట్టెలు, ఊరిబిండి కట్టిచ్చినారు. దారి పొడుగునా బుడ్డశనగ చేలు మంచుకు తడిసి కనిపించినాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు ఇటువంటి ప్రయాణం శీతకాలంలోనే చెయ్యాలి. మన సీమ ఎండలో, ఆ బండల నడుమ మధ్యాహ్నం దాటి నిలబడలేము.

చింతకుంట ముద్దనూరు మండలంలోని పల్లె. అక్కడి గుండ్లలో ఒకదాని పేరు 'ఎద్దుల ఆవుల గుండు'. ఆ రాతి నీడలో చరిత్రకు ముందటి మనుషులు వేసిన ఎర్రరంగు బొమ్మలున్నాయి.

ఇక నా మొదటి తప్పు. నేను 1973లో ఎల్.డి.సి.గా చేరినాను. 1978లో శిస్తు లెక్కల పని మీద ఆ ప్రాంతానికి పోయి ఒక చెట్టు కింద కూర్చుని కరణం లెక్కలు సరిచూస్తున్నాను. గొర్రెలు కాచుకునే మనిషి ఒకడు వచ్చి, "ఆ గుండు కింద ఎద్దులు, ఆవులు రాసినారు సామీ. చూచ్చారా?" అని అడిగినాడు. నేను తల ఎత్తకుండానే, "ఎద్దులు సేద్యానికి పనికొస్తే చెప్పు, రాసుకుంటా" అన్నాను. పక్కవాళ్ళు నవ్వినారు. వాడు వెళ్ళిపోయినాడు. గుట్టలు, బండలు అని ఉన్న నంబర్లన్నింటికీ ఎదురుగా 'పోరంబోకు, సాగుకు యోగ్యం కాదు' అని రాసి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చినాను. ఆ మాట ఎన్ని వందలసార్లు రాసి ఉంటానో!

నలభై ఏళ్ళు దాటిన తరువాత, మనవడి భుజం పట్టుకుని ఆ గుండు కిందికి చేరినాను. మొదట ఏమీ కనపడలేదు. కన్ను నీడకు అలవాటు పడగానే మూపురం ఎద్దు ఒకటి తేలింది. దాని పక్కన ఇంకొకటి. తరువాత జింకలు, మనుషులు. మన ఆడవాళ్ళు పండక్కి గడపకు పూసే ఎర్రమన్ను వంటి రంగే. కొన్ని తెల్లరంగు బొమ్మలు కూడా ఉన్నాయి. అవి తరువాతి కాలానివని పరిశోధకులు అంటారు. మూపురం వంపు ఒక్క గీతలో వచ్చింది. ఎద్దును రోజూ చూసి, దానితో బతికినవాడికి తప్ప ఆ గీత రాదు.

ఇక్కడే రెండో తప్పు చేసినాను. మనవడు సెల్‌ఫోనులో ఫోటో తీస్తుంటే బొమ్మ మసకగా వస్తోందని, రంగు తేలడానికి నా సీసాలోని నీళ్ళు చిలకరించబోయినాను. కింద గొర్రెలు మేపుకుంటున్న ఒక ముసలాయన కేక వేసినాడు. "పెద్దాయనా, నీళ్ళు పోయాకండి! పోసినకాడల్లా తెల్లబారి బొమ్మ మాసిపోతాంది." ఆయన అన్నది నిజం. నీరు ఆరినప్పుడు రాతిలోని ఉప్పు పైకి వచ్చి పొరకట్టి రంగును కప్పేస్తుంది. సీసా మూత బిగించినాను. 1978లో పిలిచిన మనిషి ఎవరో, ఈయన ఎవరో. అడగడానికి నాకు నోరు రాలేదు.

మిత్రులారా, మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గుహల బొమ్మలను 1957లో వాకణ్కర్ గారు గుర్తించినారు. 2003లో అవి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినాయి. మన చింతకుంట బొమ్మలను ఆస్ట్రియా దేశపు ఎర్విన్ నాయ్‌మాయర్ వంటి పరిశోధకులు వచ్చి చూసి పోయినారు. దక్షిణ దేశంలో సుమారు 5,000 ఏళ్ళ కిందటే పశువుల మందలే ఆస్తిగా బతికిన జనం ఉండినారని బళ్ళారి ప్రాంతపు బూడిద దిబ్బలు చెబుతున్నాయి. మన ఎర్రగుంట్ల మండలంలోనే ఉన్న కలమళ్ళలో, సుమారు క్రీ.శ. 575 నాటి రేనాటి చోళుల తెలుగు శాసనం ఉంది. తెలుగు అక్షరానికి అది తొలి రికార్డు అని గర్వపడుతున్నాము. ఈ ఎద్దులు ఆ అక్షరానికి ఎంతో ముందటి రికార్డు.

నాకు కష్టం కలిగించిన సంగతి ఇది. ముప్పై అయిదేళ్ళు రికార్డు రాసినవాణ్ణి నేను. అటువంటి చోటును 'పనికిరాదు' అని రాసి వచ్చినాను. అక్షరం రాని గొర్రెల కాపరులు 'ఎద్దుల ఆవుల గుండు' అని సరైన పేరు పెట్టి, నోటితోనే తరతరాలుగా దాన్ని నిలబెట్టినారు. ఎవరిది సరైన రికార్డు?

మనం బతికున్నామని ఏటా ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకుంటాము. ఆ రాయి మీద ఉన్నది మన పూర్వీకుల లైఫ్ సర్టిఫికెట్. దాని మీద మనం పేర్లు గీకకూడదు, సుద్దతో దిద్దకూడదు, చేత్తో తాకకూడదు, నీళ్ళు పొయ్యకూడదు. ఈ చలి ఉన్నన్నాళ్ళలోనే మీ మనవళ్ళను, మనవరాళ్ళను ఒక్కసారి తీసుకుపోయి చూపించండని మనవి. పోయినప్పుడు అక్కడ గొర్రెలు మేపుకునేవాళ్ళు ఎవరైనా పలకరిస్తే, తల ఎత్తి మాట వినండి.

తిరుగు ప్రయాణంలో మనవడు తన నోట్సులో ఏదో రాసుకుంటుంటే తొంగి చూసినాను. 'ఎద్దుల ఆవుల గుండు, చింతకుంట' అని తేదీతో సహా రాసినాడు. నేను రాయవలసిన ఎంట్రీ అది. వాడి చేత్తో పడింది. చాలు.