బీమా కంపెనీ కాదంటే మన మొర ఎవరికి?

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో వైద్య సహాయ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ సభలో మేము లెక్కలు చదివి కూర్చుంటాము. ఎంతమందికి కళ్ళజోళ్ళు, ఎంతమందికి మందుల చీటీ, ఎంతమందికి రక్తం అని. ఆ లెక్కలు ఈ సంచికలోనే వేరొక పేజీలో ఉన్నవి, ఓపిక ఉన్నవారు చూసుకోవచ్చును. ఈసారి వేరే సంగతి మాట్లాడటానికి కార్యవర్గం వారి అనుమతి తీసుకున్నాము. గడచిన రెండు మూడేళ్ళుగా మా బల్ల దగ్గరకు వచ్చేవారిలో మందులకు సాయం అడిగేవారి కంటే, "బీమా ఉంది గాని కంపెనీవాళ్ళు ఇవ్వమంటున్నారు, ఏం చెయ్యమంటారు భాయ్?" అని అడిగేవారు ఎక్కువైనారు.

ముందే ఒక మాట. బీమా చేయించుకోవచ్చునా కూడదా అన్నది ఉలమాలు తేల్చవలసిన విషయం. ఆ చర్చలోకి మేము దిగము. ప్రీమియం కట్టేసి, ఆసుపత్రి కౌంటరు ముందు నిలబడిపోయిన మనిషికి ఏ దారి ఉన్నదన్నంత వరకే మా మాట. ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకాల సంగతి కూడా వేరు. వాటి ఫిర్యాదులు వేరే చోట వింటారు.

2023 చలికాలంలో మన సభ్యులలో ఒకరి తండ్రిగారు ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో ఫజర్ వేళకు కొంచెం ముందు కన్నుమూశారు. జొహర్ తర్వాత జనాజా అని అందరికీ కబురు వెళ్ళింది. ఖబరస్తాన్‌లో తవ్వకం కూడా అయిపోయింది. ఆసుపత్రివారు మాత్రం కంపెనీ నుండి చివరి బిల్లుకు ఆమోదం రాలేదు, వచ్చేదాకా శవాన్ని ఇవ్వము అన్నారు. కొడుకు కంపెనీకి ఫోను చేస్తే "ప్రాసెస్‌లో ఉన్నది సార్" అంటారు. కౌంటరు దగ్గరికి పోతే "మా చేతిలో ఏముందండీ" అంటారు. ఊళ్ళ నుండి వచ్చిన బంధువులు మసీదు అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తూ ఉన్నారు. చివరకు ఆ కుర్రవాడు తెలిసినవారి వద్ద 90 వేలు అప్పు చేసి కట్టి, అసర్ దాటాక తండ్రిని బయటికి తెచ్చుకున్నాడు. మేమూ అక్కడే ఉన్నాము. ఎవరిని ఏమని అడగాలో తెలియక, నోరు మూసుకుని నిలబడ్డాము.

2024 మే 29న బీమా నియంత్రణ సంస్థ ఆరోగ్య బీమా మీద ఒక మాస్టర్ సర్క్యులర్ ఇచ్చింది. చికిత్సలో ఉండగా పాలసీదారు చనిపోతే కంపెనీ ఆ క్లెయిమును వెంటనే చూడాలి, పార్థివ దేహం ఆసుపత్రి నుండి వెంటనే విడుదలయ్యేలా చూడాలి అని అందులో ఉన్నది. మామూలుగా డిశ్చార్జి అయ్యేవారికైతే, ఆసుపత్రి నుండి చివరి బిల్లు అందిన 3 గంటలలో కంపెనీ తేల్చాలి. అంతకు మించి ఆలస్యం చేసి, దాని వల్ల ఆసుపత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే అది కంపెనీయే తన వాటాదారుల సొమ్ములోంచి పెట్టుకోవాలి. చేరేటప్పుడు నగదు రహిత వైద్యానికి ఆమోదం ఇచ్చేదీ లేనిదీ గంటలో చెప్పాలి.

2025లో మన వాడకట్టులోనే అటువంటి మరణం ఇంకొకటి సంభవించింది. ఈసారి మా దగ్గర ఆ సర్క్యులర్ నకలు ఉన్నది. కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోను చేసి, పాలసీ నంబరు చెప్పి, సర్క్యులర్ తేదీ చెప్పి, ఎవరితో మాట్లాడుతున్నామో పేరు రాసుకున్నాము. గంటంబావులో ఆమోదం వచ్చింది. నకలు చూసే ఇచ్చారో, వాళ్ళంతట వాళ్ళే ఇచ్చారో మేము చెప్పలేము. ఒక్కటి మాత్రం గమనించండి. ఈ సంస్థ అదుపులో ఉండేది బీమా కంపెనీలు, ఏజెంట్లు, కంపెనీ తరఫున క్లెయిములు చూసే టి.పి.ఏ.లు. ఆసుపత్రి మీద దానికి నేరుగా పెత్తనం లేదు. అందుచేత కౌంటరులో కూర్చున్న అమ్మాయితో తగవు పడి లాభం లేదు, కంపెనీని పట్టుకోవాలి.

ఇంతకూ ఎవరీ సంస్థ? 1999 నాటి చట్టంతో ఏర్పడిన భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ. ఐ.ఆర్.డి.ఏ.ఐ. అంటారు. దేశం మొత్తానికి దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉన్నది. ఢిల్లీలోనో బొంబాయిలోనో ఉంటుందని మనలో చాలామంది అనుకుంటారు, మేమూ అలాగే అనుకున్నాము! 155255కి ఫోను చేసి గాని, "బీమా భరోసా" అనే వారి ఇంటర్నెట్ పద్ధతిలో గాని ఫిర్యాదు చేయవచ్చును. ఒక నంబరు ఇస్తారు.

ఇక్కడే మేము దెబ్బతిన్నాము. మా పొరపాటు మేమే చెప్పుకోవడం మంచిది.

ఒక పెద్దాయన, రిటైరైన టీచరు. మోకాలి ఆపరేషను క్లెయిమును కంపెనీ తోసిపుచ్చింది. మేము బీమా భరోసాలో ఫిర్యాదు నమోదు చేసి, "పై ఆఫీసుకు రాశాం మాస్టారూ, తీర్పు వస్తుంది" అని ధైర్యం చెప్పాము. తీర్పు రాలేదు, ఎందుకంటే అక్కడ తీర్పు ఇవ్వరు. మన ఫిర్యాదును ఆ కంపెనీకే పంపి జవాబు చెప్పమంటారు, చెప్పిందో లేదో చూస్తారు. కంపెనీ వారం రోజుల్లో "మా నిర్ణయం మారదు" అని జవాబు రాసింది. ఆ కాగితాన్ని మేము ఫైలులో పెట్టి, పైనుండి ఇంకేదో వస్తుందని పధ్నాలుగు నెలలు ఎదురుచూశాము. తీరా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళితే, కంపెనీ కాదన్న ఏడాది లోపల రావాలండీ, గడువు దాటింది అన్నారు. సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఆయనకు ఉన్నది. మాకు తెలియకపోవడమే మేము చూపిన కారణం, అది చాలలేదు. వినియోగదారుల కమిషనుకైతే రెండేళ్ళ వ్యవధి ఉన్నది గాని, "ఇక వద్దు నాయనా, ఈ వయసులో తిరగలేను" అన్నారు మాస్టారు. ఆయన ఈ సభలోనే ఉన్నారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

మరి ఐ.ఆర్.డి.ఏ.ఐ. చేసేదేమిటి? నిబంధనలు పెడుతుంది, కంపెనీలను తనిఖీ చేస్తుంది, ఉల్లంఘన కనబడితే నోటీసు ఇచ్చి సంజాయిషీ విని జరిమానా వేస్తుంది. 2015 సవరణలో ఆ జరిమానాను రోజుకు లక్ష చొప్పున, మొత్తం కోటి రూపాయలు మించకుండా అని పెట్టారు. అయితే ఆ సొమ్ము రోగికి రాదు. కంపెనీకి శిక్ష పడటం వేరు, మన బిల్లు మనకు తిరిగి రావడం వేరు. రెండవదానికి ఉన్న మనిషి బీమా అంబుడ్స్‌మన్. ఆంధ్ర, తెలంగాణ, యానాంలకు ఆయన కార్యాలయం హైదరాబాదు లక్డీకాపూల్ ప్రాంతంలో ఉన్నది.

ఆయన వద్దకు వెళ్ళే క్రమం చెబుతాము. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయాలి. ఒక నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చును. ఫీజు లేదు. వకీలును పెట్టుకోవడానికీ లేదు, పాలసీదారు గాని, వారసులు, నామినీ గాని స్వయంగా చెప్పుకోవాలి. 2023 నుండి 50 లక్షల వరకు వివాదాలు వింటున్నారు. అదే తగాదా కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో నడుస్తూ ఉంటే మాత్రం తీసుకోరు.

ఇంకొక సభ్యుడు, మోటార్లు రివైండింగు చేసుకునే ఆయన. 2019 జూన్‌లో పాలసీ తీసుకుని ఏ యేడూ తప్పకుండా కట్టుకుంటూ వచ్చాడు. 2024 సెప్టెంబరులో భార్యకు గుండెలో స్టెంటు వేశారు, 2,86,000 బిల్లు. కంపెనీ పైసా ఇవ్వనంది. కారణం? ఆసుపత్రి కేసు షీటులో డ్యూటీ డాక్టరు "బి.పి. పదేళ్ళుగా" అని రాశాడు. పాలసీ ఫారంలో బి.పి. లేదని ఉన్నది, కాబట్టి దాచారన్నారు. ఆమెను అడిగితే, "పదేళ్ళని నేనెప్పుడు చెప్పాను? ఎన్నాళ్ళుగా అంటే చాన్నాళ్ళుగా అన్నాను" అంటుంది. ఇక ఫారం నింపింది ఏజెంటు. మా సభ్యుడు చేసిందల్లా ఖాళీ ఫారం మీద సంతకం. ఆ ఏజెంటును 2019లో మన సంఘ కార్యాలయానికి పిలిపించి, కుర్చీ వేసి, టీ ఇచ్చి, సభ్యులను పరిచయం చేసింది మేమే. ఈ సంగతి ఆ ఇంటివాళ్ళు గుర్తుచేయలేదు, మాకే గుర్తున్నది.

2024 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన నిబంధన ఒకటి ఆయనను కాపాడింది. వరుసగా 60 నెలలు పాలసీ నడిచిన తర్వాత, మోసం రుజువైతే తప్ప, ఫలానా జబ్బు చెప్పలేదని క్లెయిము కొట్టివేయడానికి వీల్లేదు. అంతకు ముందు అది 96 నెలలు ఉండేది. వేళ్ళ మీద లెక్కపెట్టాము, 63 నెలలు అయినవి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాశాము, నెల దాటినా జవాబు లేదు. అంబుడ్స్‌మన్‌కు పాలసీ కాగితాలు, ప్రతి ఏటి రసీదు, తిరస్కరణ పత్రం, కేసు షీటు జతచేసి పంపాము. విచారణ వీడియోలో జరిగింది. మా సభ్యుడు దుకాణంలోనే, వెనక మోటార్లు పెట్టుకుని, ఫోను ముందు కూర్చున్నాడు. కంపెనీ ప్రతినిధి "మోసం" అన్నాడు. రుజువేమిటని అంబుడ్స్‌మన్ అడిగితే ఆ ఒక్క కేసు షీటు చూపాడు. అవార్డు మా సభ్యునికే వచ్చింది. గది అద్దె పరిమితి మించినందుకు కొంత కోత పడింది, అది పాలసీలో ఉన్న షరతే, ఒప్పుకోవలసిందే. డబ్బు ఇరవై ఆరో రోజున ఖాతాలో పడింది. అవార్డును 30 రోజుల్లో కంపెనీ అమలు జరపాలి. లేకుంటే ఆలస్యమైన ప్రతి రోజుకు 5,000 రూపాయల చొప్పున ఫిర్యాదీకే ఇచ్చుకోవాలి. ఈ సొమ్ము మటుకు సర్కారుకు కాదు, మనకే.

ఇవన్నీ వింటే కంపెనీలన్నీ దొంగలు, మనమందరం అమాయకులం అనిపించవచ్చును. అలా లేదు. షుగరు ఉండి, మందులు మింగుతూ, ఫారంలో లేదని రాయించి మా వద్దకు వచ్చినవారూ ఉన్నారు. పాలసీ తీసుకుని ఏడాది తిరగలేదు. వారి ఫిర్యాదు మేము రాయలేదు. అదే, ఉన్న జబ్బును ఉన్నట్టు రాసి ఉంటే వారి చెయ్యి పైన ఉండేది. 2021లో సుప్రీంకోర్టు మన్మోహన్ నందా కేసులో ఈ మాటే తేల్చింది. జబ్బు సంగతి చెప్పిన తర్వాత, పరీక్షించి పాలసీ ఇచ్చిన కంపెనీ, తర్వాత అదే జబ్బును సాకుగా చూపి తప్పించుకోవడానికి లేదు. ముందునుంచి ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం కూడా ఇప్పుడు 36 నెలలకు మించరాదు.

ఇంకొక చిన్న విషయం. "క్లెయిము రాదట" అని నోటిమాటగా విని మా వద్దకు రాకండి. కాదంటే ఏ షరతు ప్రకారం కాదో కంపెనీ రాసి ఇవ్వాలి, తమ సమీక్షా కమిటీ ఆమోదం లేకుండా కాదనడానికి కూడా వీల్లేదు. ఆ కాగితం అడిగి పుచ్చుకోండి. దాని మీద తేదీ ఉంటుంది, ఏడాది లెక్క మొదలుపెట్టడానికి మాకు ఆ తేదీ కావాలి.

ఆదివారం జొహర్ తర్వాత మన కార్యాలయంలో ఇద్దరం కూర్చుంటున్నాము. ఇప్పుడు బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టాము. మొదటి గడిలో పేరు, రెండో గడిలో కంపెనీ కాదన్న తేదీ, మూడో గడిలో ఎర్ర సిరాతో గడువు తేదీ. ఆ రిజిస్టరు మొదటి పేజీలో మొదటి పేరు మాస్టారిదే. గడువు దాటిన కేసు అయినా, రాయమని ఆయనే అన్నారు.