దానానికి ముందు వేతనం
(సూరత్ ధమ్మ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల్లో బతుకు సాగక, పొట్ట చేతబట్టుకొని ఈ సూరత్ నగరానికి చేరినవారం మనం. మన ఊళ్లలో సాంచాలని పిలిచే మరమగ్గాల ముందు పన్నెండేసి గంటలు నిలబడి, మీటరు లెక్కన కూలి తీసుకొన్నవారం. నేడు మనలో కొందరు మగ్గాలకు యజమానులైనారు. వారి మగ్గాల మీద మనవారితో పాటు ఒడిశాలోని గంజాం నుంచి వచ్చిన సోదరులు కూడా పనిచేస్తున్నారు. కావున ఈనాడు మన బాధ్యతను మనమే విచారించుకోవాలి.

దీఘనికాయంలోని సిగాలోవాద సుత్తంలో తథాగతుడు పనివారి పట్ల యజమాని పాటించవలసిన విధులు ఐదింటిని బోధించాడు. శక్తికి తగిన పని అప్పగించడం, భోజనమూ వేతనమూ ఇవ్వడం, జబ్బుపడితే ఆదుకోవడం, విశేషమైన వంటకాలు పంచుకోవడం, తగిన వేళ విశ్రాంతినివ్వడం. మీటరు లెక్కలో ఇవి ఎక్కడ నిలుస్తున్నాయి? కరెంటు పోయినా, గిరాకీ తగ్గినా మగ్గం ఆగుతుంది. నష్టం కార్మికుని మీద పడుతుంది. జ్వరం వచ్చిననాడు మీటర్లు లేవు, కూలీ లేదు.

బాబాసాహెబ్ 1946లో కేంద్ర శాసనసభలో కనీస వేతనాల బిల్లును ప్రవేశపెట్టారు. 1948లో అది చట్టమైంది. రాజ్యాంగం 43వ అధికరణం జీవన వేతనాన్ని లక్ష్యంగా నిలిపింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించడం వెట్టిచాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనీస వేతనం మొదటి మెట్టు మాత్రమే. అద్దె, తిండి, పిల్లల చదువు, వైద్యం గడిచేటంత కూలియే జీవన వేతనం.

ఇవ్వనిదాన్ని తీసుకోరాదన్నది పంచశీలలో రెండవ శీలం. తగిన కూలి ఇవ్వక మిగుల్చుకొన్న సొమ్ము మనకెవరూ ఇచ్చినది కాదు. దానితో విహారానికి విగ్రహం చేయించినా, వైశాఖ పూర్ణిమకు అన్నదానం చేసినా, ఆ దానం కార్మికునిది. పేరు మాత్రం మనది.

చిన్న యజమానుల ఇబ్బంది మనమెరుగుదుము. జాబ్‌వర్కు ధర వ్యాపారి చేతిలో ఉంటుంది. అయినా ధర తగ్గినప్పుడు మొదటి కోత కూలిపై పడరాదు. మంచి ధర కోసం యజమానులంతా కలిసి వ్యాపారిని అడగాలి.

ఈ సభ నుంచి వెళ్లే ప్రతి యజమానిని మనం కోరేది ఇది: మీటరు ధరను కార్మికునికి తెలిసిన భాషలో గోడ మీద రాయించండి. మగ్గం ఆగిన రోజుకూ కొంత కూలి నిర్ణయించండి. వారానికొక సెలవు, జబ్బు రోజులకు వేతనం ఇవ్వండి. ఆ తరువాత విహారానికి రండి. మీ దానాన్ని ఆనందంతో స్వీకరిస్తాం.

నమో బుద్ధాయ. జై భీమ్.