మేడమీది నుంచి చూసిన రన్‌వే
(బీదరులో సరిహద్దు తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



న్యాయవాదిని వేదిక ఎక్కిస్తే రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చదువుతాడని మీరు అనుకొని ఉంటారు. దానికీ వస్తాను. ముందు విమానం సంగతి చెప్పనివ్వండి.

బీదరులో పెరిగిన పిల్లలకు విమానం వింత వస్తువు కాదు. వాయుసేన శిక్షణ కేంద్రం ఊరి పక్కనే ఉంది. సూర్యకిరణ్ విన్యాస బృందం 1996లో పుట్టింది ఇక్కడే. 2008లో హాక్ జెట్ శిక్షణ విమానాలు వచ్చాయి. 2020 ఫిబ్రవరిలో బెంగుళూరుకు తొలి పౌర విమానం ఎగిరింది. ఇన్నేళ్ళలో మనవంటి కుటుంబాలు చేసిన పని మాత్రం ఒక్కటే: మేడ ఎక్కి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూడడం.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. విమానం నడపడం ఎలాగో తెలుసుకోవాలని పట్టుపట్టింది. వెతకగా ఫ్లైట్‌గేర్ అనే కంప్యూటరు ప్రోగ్రాము దొరికింది. ఇంట్లో కూర్చొని విమానం నడిపే అనుభవాన్ని తెరమీద కల్పించేది. 1996లో డేవిడ్ మర్ అనే ఆయన అంతర్జాలంలో ఒక ప్రతిపాదన పెట్టగా, 1997లో కర్టిస్ ఓల్సన్ మొదలైనవారు తొలి రూపం తెచ్చారు. నాటి నుంచి ఎన్నో దేశాల స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని పెంచుతూ వచ్చారు. పైసా ఇవ్వనక్కరలేదు. దీన్నే పేరు మార్చి డబ్బుకు అమ్మినవారూ ఉన్నారు కనుక మీ జేబులు భద్రం.

మా పాత కంప్యూటరు దాన్ని మోయడానికి ఆయాసపడింది. బొమ్మలను వేగంగా గీయగల గ్రాఫిక్స్ కార్డు లేకపోతే విమానం ఎగరదు, గెంతుతుంది. దృశ్యాల నాణ్యత తగ్గించాక దారికి వచ్చింది. విమానాశ్రయాల జాబితాలో బీదరు సంకేతం వి.ఒ.బి.ఆర్. కొట్టగానే మా అమ్మాయి కేక వేసింది. గోడ ఇవతలి నుంచే చూసిన రన్‌వే మీద మా విమానం నిలబడి ఉంది!

విమానం సెస్నా 172. ఒకే ఇంజను. మొదటిసారి నేనే కూర్చున్నాను. వేగం అందుకుంటూనే అది ఎడమవైపు లాగి గడ్డిలోకి పోయింది. కంప్యూటరులో లోపమనుకున్నాను. కాదట. ప్రొపెల్లరు తిరుగుడుకు నిజమైన సెస్నా కూడా అలాగే ఎడమకు లాగుతుంది. కుడివైపు చుక్కాని తొక్కి సరిచేయాలి. రెండోసారి వేగం 55 నాట్లు దాటాక ముక్కు మెల్లగా ఎత్తాను, లేచింది. ఆ సంతోషంలో ముక్కు ఇంకా ఎత్తాను. రెక్కమీది గాలి పట్టు తప్పి విమానం కింద పడింది. “నాన్నా, లే. ఇక నేను నడుపుతాను” అంది మా అమ్మాయి. ఆ మాటకు అప్పీలు లేదు.

బీదరు నుంచి దక్షిణానికి, కొంచెం తూర్పుగా తిప్పితే జహీరాబాదు. ఆ విమానానికి అది ఎనిమిది, పది నిమిషాల దారి. 1956 నవంబరు 1కి ముందు జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు మన బీదరు జిల్లావే. ఆనాడు జిల్లా మూడు రాష్ట్రాలకు పంచబడింది. మా అమ్మ పుట్టిల్లు ఆవల, మెట్టినిల్లు ఈవల. ఆమెను పిలిచి తెర ముందు కూర్చోబెట్టాము. “సరిహద్దు ఎక్కడ వచ్చింది?” అని అడిగింది. రాలేదు. తెరమీద నేల నేలగానే సాగిపోయింది. నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

ఇక వృత్తిరీత్యా అలవాటు కనుక దాని అనుమతి పత్రం చదివాను. జి.పి.ఎల్. అంటారు, రెండవ రూపం, 1991 నాటిది. దీన్ని నకలు తీసుకోవచ్చు, పంచవచ్చు, లోపలి మూలరాతను తెరచి మార్చవచ్చు. మార్చినది పంచిపెడితే ఎదుటివారికీ అదే హక్కు ఇవ్వాలి. ఏ పూచీ లేదని కూడా ఖండితంగా రాశారు, అది మా వృత్తివాళ్ళ చలవే. ఇప్పుడు 350ఎ చూడండి. 1956లో ఏడవ సవరణతో వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించడానికి రాష్ట్రం ప్రయత్నించాలని చెబుతుంది. ఆ ‘ప్రయత్నించాలి’ అనే మాట పట్టుకొని నేను ఎన్ని వినతి పత్రాలు రాశానో లెక్కలేదు. ఈ పత్రంలో ‘ప్రయత్నం’ లేదు, ‘చేసుకో’ అనే ఉంది. దరఖాస్తు లేదు, ముద్ర లేదు, ఎవరి గది ముందూ నిలబడే పని లేదు.

అనువాదాలు ఉంచే చోట జర్మన్, ఫ్రెంచి, ఇటాలియన్, పోలిష్ కనిపించాయి. తెలుగు కనిపించలేదు. కన్నడమూ కనిపించలేదు. ఇందుకు ఎవరిమీద దావా వేయను? ఆ భాషలవారు కూర్చొని రాసుకున్నారు, మనం రాసుకోలేదు. మాటలు రాసినంత మాత్రాన పని అయిపోదు. గుణింతాలూ వత్తులూ కలిపి తెలుగు అక్షరాన్ని తెరమీద సరిగా కూర్చడం వేరే పని, దానికి కంప్యూటరు చదివిన పిల్లలు కావాలి. అయినా ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీసు వంటివి తెలుగులోకి వచ్చాయి కదా.

ఒక్క మాట స్పష్టంగా చెబుతాను. అంతర్జాతీయ మార్గాలలో నడపాలంటే విమాన చోదకునికి ఇంగ్లీషు రేడియో సంభాషణలో కనీసం నాలుగో స్థాయి ప్రావీణ్యం ఉండాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధన. నేను దానితో పేచీ పడను, మా అమ్మాయి ఇంగ్లీషూ నేర్చుకుంటుంది. ఇంట్లో నడిపిన గంటలు లైసెన్సుకు పనికిరావని కూడా ఆమెకు చెప్పాను. కాని విమానం ఎందుకు లేస్తుందో, ఎందుకు పడుతుందో మొదట తన భాషలో అర్థమైన పిల్ల మేడమీద ఆగిపోదని నా నమ్మకం.

తను ఒక నోటుపుస్తకం పెట్టింది. ఎత్తు, వేగం, దిశ, చుక్కాని, ఇలా రాసుకుంటూ పోతోంది. థ్రాటిల్ దగ్గర ఆగింది. నిఘంటువులు తిరగేసి నేను నాలుగు మాటలు చెబితే నాలుగూ కొట్టివేసింది. మా అమ్మ “రేసు అనండి, ఆటోవాళ్ళు అదే అంటారు” అంటోంది. మీలో ఆటో నడిపేవారు, మోటారు బాగుచేసేవారు ఉంటే మీరేమంటారో చెప్పండి. పుస్తకం వెంట తెచ్చాను.